గుమ్మలకోట దాడికి ఫైనల్ కీ

ఎనభై ఏడో ప్రశ్న నా కొంప ముంచింది. మిగతా నూట నలభై తొమ్మిదీ పోతే పోనీయండి, వాటి మీద నాకు కోపం లేదు. ఈ ఒక్కదాని మీదే నా మంటంతా.

ఆ ప్రశ్న ఇదీ. గుమ్మలకోట దొర ఏటిపాక కోట మీద చేసిన ఆకస్మిక దాడి వ్యూహాత్మక తప్పిదమా? ఒకటి, అవును. రెండు, కాదు. మూడు, పై రెండూ. నాలుగు, పై రెండూ కాదు.

కథ తెలియనివాళ్ళకు చెబుతాను. రెండున్నర వందల ఏళ్ళ కిందట గుమ్మలకోట దొర తన సైన్యాన్నంతా వెంటేసుకుని, సరిగ్గా మధ్యాహ్నం భోజనాల వేళకు పక్కనున్న ఏటిపాక కోట మీద పడ్డాడు. వాళ్ళు మజ్జిగ అన్నంలోకి వచ్చేలోపు కోట ఆయనదైపోయింది. అక్కడి వంట నచ్చింది కాబోలు, పదకొండు రోజులు కదల్లేదు. ఈలోగా మూడో దొర ఎవడో వచ్చి, కాపలా లేని గుమ్మలకోటలో తీరిగ్గా కాపురం పెట్టేశాడు. నేను ‘అవును’ అని పెట్టాను. పక్కింటికోసం సొంతిల్లు పోగొట్టుకున్నవాణ్ణి తెలివైనవాడని ఎవరంటారండీ?

నియామక మండలివారు అన్నారు. వాళ్ళు విడుదల చేసిన ప్రాథమిక కీలో జవాబు మూడు. అంటే తప్పిదమూ, తప్పిదం కాదూనట! కారణం వాకబు చేస్తే, పాఠ్యపుస్తకం అరవై ఒకటో పేజీలో ఆ దాడిని ‘అపూర్వ సాహసం’ అన్నారు, అరవై నాలుగో పేజీలో ‘శుద్ధ అవివేకం’ అన్నారు. ప్రశ్న తయారు చేసిన పెద్దమనిషి ఎవరినీ నొప్పించకుండా రెండు పేజీలకూ న్యాయం చేశాడు.

నా పేరు మళ్ళ ముకుందరావు. వయసు నలభై ఒకటి దాటి పది నెలలు. పగలు జిరాక్స్ కొట్లో పని, మిగతా వేళల్లో పోటీ పరీక్షలు. పద్దెనిమిదేళ్ళుగా ఇదే వరస. నలభై రెండు నిండితే ఇక దరఖాస్తు కూడా పెట్టనివ్వరు. మా జిల్లాలో గ్రంథాలయ శాఖలో జూనియర్ అసిస్టెంటు ఖాళీ ఒకటి మిగిలింది. నాకు ఒక్క మార్కు తగ్గింది. ఎనభై ఏడో ప్రశ్నకు ‘అవును’ సరైన జవాబని తేలితే ఆ కుర్చీ నాది. తేలకపోతే నేను జీవితాంతం ఇతరుల నియామక పత్రాలు జిరాక్స్ తీస్తూ కూర్చోవాలి.

అంచేత ఆక్షేపణ పంపాను. ఊరుకుంటానా?

నెల తిరక్కుండానే మండలి కార్యాలయానికి రమ్మని పిలుపొచ్చింది. వెళితే నాలాంటివాళ్ళు అరవై మంది ఉన్నారు. ముప్ఫై ఒక్కమందిమి ‘అవును’ పక్షం, ఇరవై తొమ్మిది మంది ‘కాదు’ పక్షం. నా పక్క కుర్చీలో కొల్లి ఎస్తేరు రాణి అని ఒకావిడ కూర్చుంది. మా జిల్లాయే, ప్రైవేటు బడిలో ఒకటో తరగతి టీచరు. ఇద్దరు పిల్లలు. ఆవిడకూ నలభై ఒకటి దాటింది, ఆవిడకూ ఒక్క మార్కే తగ్గింది. అయితే ఆవిడ పెట్టింది ‘కాదు’.

“అంటే మనిద్దరికీ ఒకటే కుర్చీ అన్నమాట. ఏటి సేస్తాం అన్నయ్యా, మీరు గెలిస్తే నేను ఏడుస్తాను, నేను గెలిస్తే మీరు ఏడవండి” అని, సంచీలోంచి జంతికలు తీసి నాకు పెట్టింది. శత్రువు జంతికలు చాలా బాగున్నాయి.

లోపల నిపుణుల సంఘం కొలువు తీరి ఉంది. అధ్యక్షులు ఆచార్య సోమయాజుల విరూపాక్షంగారు. యుద్ధాల మీద తొమ్మిది పుస్తకాలు రాశారు. స్వయంగా చూసిన యుద్ధం మాత్రం వాళ్ళ అపార్టుమెంటు సంఘం ఎన్నికొక్కటే. ఆయన పక్కన మండలి కార్యదర్శి వేమవరపు గోవర్ధనంగారు. ఆయన మామూలుగా మాట్లాడినా కింద సీలు వేసినట్టుంటుంది.

విరూపాక్షంగారు కళ్ళజోడు తుడుచుకుని, “చరిత్రలో జరిగిన దాడిని గురించి గ్రంథాలు పరస్పర విరుద్ధంగా పలుకుతున్నప్పుడు, ప్రత్యక్షమే ప్రమాణం. దాడి తప్పిదమో కాదో తేలాలంటే ముందు దాడి జరగాలి. కావున ఏటిపాక కోట మీద గుమ్మలకోటవారి ఆకస్మిక దాడిని యథాతథంగా మరల నిర్వహింపజేస్తున్నాం” అన్నారు.

కార్యదర్శిగారు అందుకున్నారు. “మండలి నిర్వహించు ఏ కార్యక్రమమునైనను పదిహేను దినములు ముందుగా పత్రికాముఖంగా ప్రకటించవలసి యున్నది. కావున ఆకస్మిక దాడి మే పద్దెనిమిదో తేదీ మధ్యాహ్నం పన్నెండున్నరకు జరుగునని ఇందుమూలముగా తెలియజేయడమైనది.”

నేను చెయ్యెత్తాను. “అయ్యా, ముందే చెప్పేస్తే ఆకస్మికం ఎలా అవుతుందండీ?”

ఆయన నా వంక జాలిగా చూశారు. “తెలియజేయుట మా బాధ్యత. తెలిసిన పిమ్మట ఆశ్చర్యపోవుట రక్షకుల బాధ్యత. అందు నిమిత్తం ఆశ్చర్యపు రిజిస్టరు ఏర్పాటు చేయడమైనది. ప్రతి రక్షకుడూ అందులో సంతకం చేయవలెను.”

ఇక పక్షాలు పంచాలి. నాకు మనసులో లెక్క తేలిపోయింది. మేం దాడి తప్పిదమన్నవాళ్ళం కాబట్టి మమ్మల్ని కోటలో పెడతారు, మేం ప్రాణం పెట్టి కాపాడుకుంటాం, దాడి చెడుతుంది, కుర్చీ నాది.

విరూపాక్షంగారు నాకన్నా నాలుగాకులు ఎక్కువ చదివారు. “దాడి తప్పిదమన్న అభ్యర్థులకు రక్షణ అప్పగిస్తే, స్వప్రయోజనం కోసం గట్టిగా పోరాడతారు. అది పక్షపాతం. తప్పిదం కాదన్నవారిచేత దాడి చేయించినా అంతే. ఎవరికి గెలవాలని ఉంటుందో వారిని ఆ పక్షాన ఉంచరాదు. నిష్పాక్షికత కోసం, తప్పిదమన్నవారు దాడి చేస్తారు. కాదన్నవారు కోట కాపాడతారు.”

మాకు అర్థమయ్యేసరికి కాస్త సమయం పట్టింది. అంటే ఓడిపోవాలని కోరుకునేవాళ్ళం దాడి చెయ్యాలి. కోట పోవాలని మొక్కుకునేవాళ్ళు దాన్ని కాపాడాలి! నేనూ ఎస్తేరూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అంత గొప్ప నిష్పాక్షికతను మేం ఇదివరకు ఎరగం.

“వీళ్ళు కాక, ‘పై రెండూ కాదు’ అన్నవారు బయట ఇంకా కొందరున్నారు సార్” అని గుర్తుచేశాడు గుమాస్తా.

“వారు తటస్థులు. వైద్య బృందంగా ఉంటారు” అన్నారు అధ్యక్షులు.

గెలుపు నిబంధన కూడా చదివి వినిపించారు. సాయంత్రం నాలుగు గంటల్లోగా దాడిదారులలో ఏ ఒక్కరి రెండు పాదాలైనా కోట గడప దాటితే దాడి జయప్రదం, జవాబు ‘కాదు’. ఎవరూ దాటకపోతే దాడి తప్పిదం, జవాబు ‘అవును’.

హాల్‌టికెట్టు వచ్చిన రోజు నూకరత్నం దాన్ని రెండుసార్లు చదివింది. నూకరత్నం అంటే నా భార్య, అంగన్‌వాడీ టీచరు. ఇల్లు గడుస్తున్నది ఆవిడ వల్లే.

“‘కత్తులు, బల్లేలు, కాలిక్యులేటర్లు, చెప్పులు నిషిద్ధం. దాడిదారులు నల్ల బాల్‌పెన్ను వెంట తెచ్చుకొనవలెను.’ పెన్నుతో ఏటి సేస్తారండీ, పొడుస్తారా?” అంది.

“తెలీదే. ఎప్పుడూ రాసే నిబంధనలే దీనికీ రాసినట్టున్నారు.”

“‘ఒక్క నిమిషం ఆలస్యమైనా దాడికి అనుమతించబడదు.’ ఇదిగోండి, ఇది సూడండి!” అని అరిచింది. “ఒక్క నిమిషం లేటుగా ఎల్లండి. రానివ్వరు. కోట పోదు. ఉజ్జోగం మీదే!”

ఆవిణ్ణి ఎత్తుకుని గిరగిరా తిప్పాలనిపించింది. నడుం సంగతి గుర్తొచ్చి ఆగిపోయాను. మా పక్షంలో మిగతా ముప్ఫై మందికీ వెంటనే ఫోన్లు చేశాను.

మే పద్దెనిమిది. ఎండ పెళపెళలాడుతోంది. ఏటిపాక కోటంటే ఇప్పుడు మిగిలింది ఒక గోడ, ఒక సింహద్వారం, లోపల నాలుగు వేపచెట్లు. మా సైన్యమంతా అర కిలోమీటరు దూరంలో టీ కొట్టు దగ్గర విడిది చేసింది. పన్నెండున్నర దాటింది. పన్నెండూ నలభై దాటింది. రెండో టీ తాగాం. ఒంటిగంటకు పది నిమిషాలుందనగా, పెళ్ళికి వెళ్ళేవాళ్ళలా నవ్వుకుంటూ బయల్దేరాం.

సింహద్వారం బార్లా తెరిచి ఉంది. కార్యదర్శిగారు ఎదురొచ్చారు. “రండి, రండి. అభ్యర్థుల సౌకర్యార్థం ఆలస్య నిబంధనను ఈ ఒక్క దినమునకు సడలించడమైనది” అన్నారు.

పదమూడేళ్ళ కిందట బస్సు చెడిపోయి ఒక్క నిమిషం ఆలస్యంగా వెళితే, ఇదే మండలివాళ్ళు నా మొహం మీదే గేటు మూశారు. ఆ ఊచలు పట్టుకుని ఏడ్చాను. కాళ్ళు పట్టుకుంటానన్నాను. ఆవేళ సడలని నిబంధన, నేను లోపలికి రానుగాక రానన్న ఈవేళ సడలింది! ఎవరితో చెప్పుకోను?

తనిఖీ చేసి చెప్పులు విడిపించారు. బాల్‌పెన్ను లేనివాళ్ళకు పెన్నులిచ్చారు. ఈల వేశారు. యుద్ధం మొదలైంది.

లోపల వేపచెట్ల నీడలో రక్షకులు వరసగా కూర్చుని ఉన్నారు. చరిత్ర ప్రకారం వాళ్ళు భోజనం చేస్తూండాలి కాబట్టి మండలివారు పులిహోర పొట్లాలు పంచారు. ముందు ఆశ్చర్యపు రిజిస్టరు తిరిగింది. “చెయ్యి నోటి మీద పెట్టుకుని సంతకం చెయ్యండి సార్, కెమెరాలో కనిపించాలి” అని పర్యవేక్షకుడు ఒక్కొక్కరి చేతా ఆశ్చర్యపోయించాడు. ఒకాయన సరిగ్గా ఆశ్చర్యపోలేదని రెండోసారి చేయించారు.

ఆ లాంఛనం ముగియగానే రక్షకులందరూ ద్వారం దగ్గరికి పరుగెత్తుకొచ్చి, చేతులు జోడించి నిలబడ్డారు.

“రండి సార్, లోపలికి రండి! నీడగా ఉంది!”

“మీకు పుణ్యముంటుంది, కోట తీసుకోండి!”

“మేం రాం!” అని మా సైన్యం సింహనాదం చేసింది. గడపకు పది అడుగుల దూరంలో బోర్లా పడుకున్నవాళ్ళు కొందరు, ఒకళ్ళ నడుం ఒకళ్ళు పట్టుకుని నిలబడ్డవాళ్ళు కొందరు. చరిత్రలో ఇంత పట్టుదలగా వెనకడుగు వేసిన సైన్యం ఇంకోటి ఉండదు.

విరూపాక్షంగారు కుర్చీలోంచి లేచి, “దాడి చెయ్యండయ్యా! కనీసం అరవండి!” అని ప్రాధేయపడ్డారు. అరిచాం. అరుస్తూ మరో రెండడుగులు వెనక్కి జరిగాం.

ఒంటిగంటన్నరకు ఇసక కాలడం మొదలైంది. మా కాళ్ళకు చెప్పుల్లేవు. మాకు అన్నం లేదు, ఎందుకంటే గుమ్మలకోట సైన్యం తినకుండా వచ్చిందని అరవై ఒకటో పేజీలో ఉంది. నీళ్ళ డ్రమ్ము కోట లోపలే ఉంది. రక్షకులు ఆ డ్రమ్ములో గ్లాసు ముంచి, మాకు వినపడేట్టు పోసుకోవడం మొదలెట్టారు. ఆ తర్వాత పొట్లాలు విప్పి పులిహోర వాసన మా మీదికి విసిరారు.

“వేరుశెనగ్గుళ్ళు కూడా ఏశారు సార్! ఇంగువ ఎంత బాగుందో!” అని ఎస్తేరు కేక పెట్టింది.

మా పక్షంలో ఒక బొద్దాయన ఉన్నాడు, సబ్బవరం నుంచి వచ్చాడు. ఇంగువ మాట వినగానే ఆయన కళ్ళు తేలిపోయాయి, కాళ్ళు వాటంతటవే కదిలాయి. నలుగురం కలిసి చొక్కా పట్టుకుని వెనక్కి లాగాం. “వదలండ్రా, ఒక్క ముద్ద తినొచ్చేస్తాను!” అని ఏడ్చాడు పాపం. ఆయన కాళ్ళు మా తువ్వాళ్ళతో కట్టేశాం.

రక్షకులు తాడు విసిరి మమ్మల్ని లోపలికి లాగుతామన్నారు. విరూపాక్షంగారు పుస్తకం తిరగేసి, “శత్రువును బలవంతంగా గెలిపించుట చరిత్రలో లేదు” అని తోసిపుచ్చారు. మేం ఇంటికి పోతామన్నాం. “ప్రశ్నపత్రం వెనక్కి ఇవ్వకుండా ఎవరూ వెళ్ళరాదు” అన్నారు కార్యదర్శిగారు. ప్రశ్నపత్రం మాకెవరూ ఇవ్వనే లేదు.

మూడున్నర అయింది. పాదాలు బొబ్బలెక్కాయి, నాలుక పిడచకట్టింది. అయినా గుండెల్లో బాజాలు మోగుతున్నాయి. ఇంకో అరగంట ఓర్చుకుంటే చాలు. గ్రంథాలయంలో నా కుర్చీ, నా ఫ్యాను, నూకరత్నం మొహంలో వెలుగు అన్నీ కళ్ళకు కట్టాయి. లోపల ఎస్తేరు నవ్వడం మానేసింది. గడప దగ్గర ఎండలో నిలబడి గడియారం చూసుకుంటోంది.

నాలుగుకి పది నిమిషాలుందనగా ఆవిడ గిర్రున తిరిగి గడప లోపల పడిపోయింది.

పడేముందు చున్నీ సర్దుకుంది. అది నేను చూశాను. పద్దెనిమిదేళ్ళు పరీక్షలు రాసినవాణ్ణి, మోసపు ప్రశ్న కనిపెట్టలేనా? నూటికి తొంభై పాళ్ళు నాటకమే అనుకున్నాను. అయితే ఒక నిమిషం గడిచింది, రెండు గడిచాయి, మనిషి కదల్లేదు. ఆవిడ పక్షంవాళ్ళు ఆవిణ్ణి కాకుండా మా కాళ్ళకేసి చూస్తున్నారు. వైద్య బృందం స్ట్రెచరు పట్టుకుని గోడ పక్కనే నిలబడి ఉంది.

“చూస్తారేంటయ్యా, లేవదీయండి!” అని అరిచాను.

“మేం తటస్థులం సార్. ఏ పక్షాన్నీ ముట్టుకోకూడదని రాసిచ్చారు” అన్నాడు స్ట్రెచరు పట్టుకున్నవాడు.

విరూపాక్షంగారు పేజీలు తిప్పుతున్నారు. “రక్షకురాలు స్పృహ తప్పుట... స్పృహ తప్పుట... ఏ పేజీలోనూ లేదే!”

“ఒరే ముకుందం, కదలకు! నాటకంరా అది, కదలకు!” అని మావాళ్ళు గగ్గోలు పెడుతున్నారు. నిజమే, నాటకమే. కానీ మిగిలిన ఆ పది పాళ్ళు ఉన్నాయే, అవి నా కాళ్ళను లాక్కుపోయాయి. పరుగెత్తాను. ఎడం పాదం గడప దాటింది. కుడి పాదమూ దాటింది. టంగుమని గంట కొట్టారు.

“మూడు గంటల యాభై మూడు నిమిషములకు కోట స్వాధీనమైనది!” అని కార్యదర్శిగారు గట్టిగా చదివారు. రక్షకులు గంతులేశారు, ఒకరినొకరు వాటేసుకున్నారు. కోట పోయినందుకు అంత పండగ చేసుకున్నవాళ్ళను ఎక్కడా చూడం.

నేను ఎస్తేరు మొహం మీద నీళ్ళు కొట్టాను. ఆవిడ ఒక కన్ను తెరిచింది. నన్ను చూసి రెండోది కూడా తెరిచింది. కళ్ళనిండా నీళ్ళు.

“క్షమించు అన్నయ్యా. నాకూ ఇదే ఆఖరుది” అంది. వెంటనే చున్నీచాటు నుంచి ఒక పొట్లం తీసి నా చేతిలో పెట్టింది. “పొద్దుట్నుంచి ఏటీ తిన్లేదు నువ్వు. తిను.”

తిట్టాలో నవ్వాలో తెలియలేదు. కోపమొచ్చింది, ఏడుపొచ్చింది, అన్నిటికన్నా ముందు ఆకలేసింది. కూర్చుని తిన్నాను. పులిహోర నిజంగానే బాగుంది, దాంతో ఒళ్ళు ఇంకా మండింది.

ఇంటికొచ్చి నూకరత్నంతో జరిగింది జరిగినట్టు చెప్పేశాను. పద్దెనిమిదేళ్ళు నాకోసం ఎదురుచూసిన మనిషి. ఇవాళ నన్ను ఉతికి ఆరేస్తుందనుకున్నాను. ఆవిడ నా కాళ్ళ బొబ్బలకు వెన్న రాస్తూ కూర్చుంది.

“మీరు ఎల్లకపోయుంటే ఈవేళ మీకు నేనన్నం పెట్టుదునా?” అంది చివరికి.

రెండు నెలలకు నిపుణుల సంఘం నివేదిక వచ్చింది. నూట అరవై పేజీలు. ఆఖరి పేజీలో సారాంశం ఇలా ఉంది: “దాడి జయప్రదమైనది. అయితే పరిశీలన మీదట, సదరు జయానికి కారణం దాడి కాదనియు, జాలి అనియు తేలినది. జాలి సిలబస్సులో లేదు. కావున ఎనభై ఏడో ప్రశ్నను తొలగించి, అభ్యర్థులందరికీ ఒక్కో మార్కు కలపడమైనది.”

అందరికీ కలిపారు సరే, కటాఫ్‌కు కలపడం మరిచిపోయారు! ఒకే కుర్చీకి నేనూ ఎస్తేరూ సమానంగా తేలాం. ఇద్దరికీ ఎలా ఇస్తారా అని చూస్తూంటే, ఏదో బీరువాలో ఫైలు కింద ఇంకో ఖాళీ దొరికిందట. జాబితాలో పైన నా పేరు, కింద ఆవిడ పేరు! ఎస్తేరు ఫోన్లో ఏడుస్తూ నవ్వింది, నేను నవ్వుతూ ఏడ్చాను. నూకరత్నం అంగన్‌వాడీ పిల్లలందరికీ బెల్లం ఉండలు పంచింది. జిరాక్స్ కొట్టు యజమాని నాకు శాలువా కప్పాడు. ఎనిమిది రోజులు నేను నేలమీద నడవలేదు.

తొమ్మిదో రోజున రిజిస్టరు పోస్టు వచ్చింది. నియామక పత్రమే అనుకుని, చేతులు కడుక్కుని, దేవుడి పటం ముందు పెట్టి మరీ విప్పాను.

మళ్ళ ముకుందరావు, కొల్లి ఎస్తేరు రాణి అను అభ్యర్థుల ఎంపికను రద్దు చేయడమైనదట. వీరిరువురినీ శాశ్వతంగా పరీక్షలకు అనర్హులుగా ప్రకటించడమైనదట. కెమెరా దృశ్యాలు పరిశీలించగా మాల్‌ప్రాక్టీసు రుజువైనదట. కారణమన్న గడిలో, నా పేరుకు ఎదురుగా టైపు చేసిన ముక్క ఇది: “పరీక్ష జరుగుచుండగా తోటి అభ్యర్థికి సహాయం చేసినందున.”

నూకరత్నం ఆ కాగితం నా చేతుల్లోంచి తీసుకుంది. ఆ ముక్క ఒకసారి మెల్లగా, ఇంకోసారి గట్టిగా చదివింది. లోపలికి వెళ్ళి మేకూ సుత్తీ తెచ్చింది. మా పెళ్ళి ఫొటో పక్కన కొట్టి దాన్ని తగిలించింది.

“ట్రంకుపెట్టి నిండా సర్టిఫికెట్లున్నాయి గానండీ, మీ గురించి నిజం రాసింది ఇదొక్కటేనండి” అంది.